స్టూడియో ఫ్లాష్ లైట్లు: ఎంత శక్తి కావాలి, ఎంత ఋణం చాలు

మండల కేంద్రాలలోను, పెద్ద గ్రామాలలోను ఫోటో స్టూడియో పెట్టుకొనడానికి ఋణం కోరుతూ వచ్చే దరఖాస్తులలో కెమెరా, కంప్యూటరు, ప్రింటరుల తరువాత తప్పక కనిపించే పద్దు ‘స్టూడియో లైట్లు’. కెమెరా విషయంలో దరఖాస్తుదారునికి గట్టి అభిప్రాయం ఉంటుంది. ప్రింటరు విషయంలోనూ ఉంటుంది. లైట్ల దగ్గరకు వచ్చేసరికి అంగడివారు వ్రాసి ఇచ్చిన కొటేషనే అతని అభిప్రాయంగా మిగులుతుంది. ఫలితంగా అవసరానికి మించిన శక్తి గల ఒక పెద్ద లైటు కొని, దానికి తోడు కావలసిన రెండవ లైటుకు, స్టాండుకు, స్టెబిలైజరుకు డబ్బు చాలని పరిస్థితి తరచుగా ఏర్పడుతున్నది. అటువంటి స్టూడియోలో ఋణం పెద్దది, రాబడి చిన్నది అవుతుంది.

పది అడుగుల వెడల్పు, పదునాలుగు అడుగుల పొడవు గల గది, పాస్‌పోర్టు సైజు ఫోటోలు, పసిపిల్లల ఫోటోలు, ఓణీల వేడుకకు ముందో తరువాతో తీయించుకొనే ఫోటోలు, నలుగురైదుగురు నిలిచే కుటుంబ చిత్రం - గ్రామీణ స్టూడియోలో గది లోపల జరిగే పని చాలా వరకు ఇంతే. ఈ వ్యాసం అటువంటి స్టూడియోను మాత్రమే దృష్టిలో ఉంచుకొని వ్రాసినది.

వెలుగు పుట్టే విధానం

ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడైన లాలా దీన్‌దయాళ్ (1844–1905) సికింద్రాబాదులో స్టూడియో నడిపిన కాలంలో ఫోటోగ్రాఫరుకు పగటి వెలుతురే ప్రధాన ఆధారం. ఈనాటి ఎలక్ట్రానిక్ ఫ్లాష్ 1930లలో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో హెరాల్డ్ ఎడ్జర్టన్ చేసిన కృషితో రూపుదిద్దుకొన్నది. దాని సూత్రం సులభమైనది. ఇంటి కరెంటుతో ఒక కెపాసిటరును మూడు వందల వోల్టులకు పైగా నింపుతారు. మీట నొక్కగానే ఆ విద్యుత్తు అంతా జినాన్ వాయువు నింపిన గాజు గొట్టం గుండా ఒక్కసారిగా ప్రవహించి, సెకనులో వెయ్యవ వంతు, ఇంచుమించు అంత స్వల్పకాలంలో, పగటి వెలుతురును పోలిన తెల్లని కాంతిని ఇస్తుంది. బోరు నీటిని తొట్టిలో నింపి ఒక్కసారిగా గేటు ఎత్తినట్లన్నమాట. తొట్టి ఎంత పెద్దదో చెప్పే కొలత జౌలు. దీనినే వాట్-సెకను అని కూడా అంటారు. రెండూ ఒకటే.

కొటేషనులో మొట్టమొదట చూడవలసినది ఈ జౌళ్ల అంకెనే. కొన్ని కొటేషనులలో ‘300 వాట్లు’, ‘800 వాట్లు’ అని మాత్రమే ఉంటుంది. అది ఫ్లాష్ శక్తి కావచ్చును, ఫోకసు చూసుకొనడానికి లైటు మధ్యలో అమర్చే మోడలింగ్ బల్బు వాటేజి కావచ్చును, రెండు మూడు లైట్ల మొత్తం కావచ్చును. వాట్-సెకనులలో ఎంత అని వ్రాసి ఇమ్మని అడగండి. నిజాయితీ గల విక్రేతకు ఇది కష్టమైన పని కాదు.

ఈ సందర్భంలోనే ఎల్.ఇ.డి. లైట్ల ప్రసక్తి వస్తుంది. ‘ఫ్లాష్ ఎందుకు, 100 వాట్ల ఎల్.ఇ.డి. పెట్టుకొంటే వీడియోకూ పనికివస్తుంది కదా’ అని చాలామంది అంటున్నారు. లెక్క వేసి చూద్దాం. కెమెరా షట్టరు సెకనులో 125వ వంతు మాత్రమే తెరచుకొన్నప్పుడు 100 వాట్ల ఎల్.ఇ.డి. వాడుకొనే విద్యుత్తు 0.8 జౌలు. అదే సమయంలో 200 జౌళ్ల ఫ్లాష్ తన 200 జౌళ్లనూ కుమ్మరిస్తుంది. విద్యుత్తును వెలుగుగా మార్చడంలో ఎల్.ఇ.డి. మెరుగైనదే. ఆ మెరుగును ఎంత ఉదారంగా లెక్కకట్టినా ఈ అంతరం పూడదు. ఎల్.ఇ.డి.తో ఫోటో తీయాలంటే కెమెరా ఐ.ఎస్.ఓ. బాగా పెంచాలి, లేదా షట్టరు వేగం తగ్గించాలి. వేగం తగ్గితే కదలకుండా ఉండలేని పసిపిల్లవాని ముఖం మసకబారుతుంది. పెళ్లి వీడియోలే ప్రధాన వృత్తిగా ఉన్నవారు ఎల్.ఇ.డి. కొనడం సమంజసమే. స్టూడియో ఫోటోలకు మాత్రం ఫ్లాష్‌కు అది ప్రత్యామ్నాయం కాదని నా అభిప్రాయం.

ఎన్ని జౌళ్లు చాలు?

ఫ్లాష్ బలాన్ని చెప్పే మరొక అంకె గైడ్ నంబరు. కరపత్రాలలో జి.ఎన్. అని ఉంటుంది. దానిని లైటుకు, మనిషికి మధ్య గల దూరంతో భాగిస్తే లెన్సును ఏ ఎఫ్ అంకెపై ఉంచాలో తెలుస్తుంది. ఉదాహరణకు ఐ.ఎస్.ఓ. 100 వద్ద 50 మీటర్ల జి.ఎన్. గల లైటును రెండు మీటర్ల దూరంలో పెడితే ఎఫ్ 25 వస్తుంది. అయితే ఈ అంకెను తయారీదారులు మెరిసే లోహపు గిన్నె తగిలించి కొలుస్తారు. మనం వాడే సాఫ్ట్‌బాక్సు వెలుగును మెత్తగా చేసే క్రమంలో దాదాపు రెండు స్టాపులు, అనగా నాలుగింట మూడు వంతుల కాంతిని మింగివేస్తుంది. మిగిలేది ఎఫ్ 12 చిల్లర. పాస్‌పోర్టు ఫోటోకు ఎఫ్ 8 చాలును కనుక ఆ లైటును సగం శక్తితో కూడా వాడనవసరం లేదు. సుమారు 200 జౌళ్ల లైటు ఈ కోవకు చెందుతుంది. జి.ఎన్. మీటర్లలో ఉన్నదా అడుగులలో ఉన్నదా అన్నది కూడా చూసుకోవాలి. 50 మీటర్ల జి.ఎన్.నే అడుగులలో వ్రాస్తే 164 అవుతుంది. అంకె పెద్దదైనా వెలుగు పెరగదు.

ఫిల్ము రోజులలో పరిస్థితి వేరు. నాణ్యత కావాలంటే ఐ.ఎస్.ఓ. 100 ఫిల్మునే వాడవలసి వచ్చేది. అందువల్ల పాతతరం ఫోటోగ్రాఫర్లు పెద్ద లైట్లను ఇష్టపడ్డారు. ‘మా గురువుగారి దగ్గర 500 జౌళ్ల లైట్లుండేవి’ అని చెప్పేవారు ఇప్పటికీ కనిపిస్తారు. ఆ మాట ఆనాటికి సరైనదే. నేటి డిజిటల్ కెమెరాలను ఐ.ఎస్.ఓ. 400 వద్ద వాడినా సాధారణ ముద్రణలో తేడా కనబడదు. ఐ.ఎస్.ఓ. 100 వద్ద 400 జౌళ్లు చేసే పనిని ఐ.ఎస్.ఓ. 400 వద్ద 100 జౌళ్లే చేస్తాయి.

దూరం సంగతి ఇంతకన్న ముఖ్యమైనది. లైటును నాలుగు అడుగుల నుండి ఎనిమిది అడుగులకు జరిపితే మనిషిపై పడే కాంతి సగం కాదు, నాలుగవ వంతు అవుతుంది. చిన్న గదిలో లైట్లు ఎలాగూ దగ్గరగానే ఉంటాయి. కనుక చిన్న గదికి పెద్ద లైటు అనవసరం, ఒక్కొక్కసారి ఆటంకం కూడా. పసిపిల్లల ఫోటోలో వెనుక తెర మసకగా కనిపించాలని లెన్సును ఎఫ్ 2.8 వరకు తెరిస్తే, పైన చెప్పిన దూరంలో కావలసిన శక్తి పది జౌళ్లే. 200 జౌళ్ల లైటును 16వ వంతుకు తగ్గిస్తే 12.5 జౌళ్లకు దిగుతుంది. 600 జౌళ్ల లైటు అంతే తగ్గించినా 37.5 జౌళ్ల వద్ద ఆగిపోతుంది. కాబట్టి గరిష్ఠ శక్తి ఎంత అని అడిగినట్లే కనిష్ఠ శక్తి ఎంత అని కూడా అడగాలి. 32వ వంతు వరకు దిగగల లైటు మరింత అనుకూలం.

పై కారణాల వల్ల గ్రామీణ స్టూడియోకు ఒకే తయారీకి చెందిన 200 నుండి 300 జౌళ్ల లైట్లు రెండు, ఒక 600 జౌళ్ల లైటు కన్న ఉపయోగకరమని చెప్పవచ్చును. ఒకే లైటుతో ముఖానికి ఒక పక్క వెలుగు, రెండవ పక్క చీకటి ఏర్పడుతుంది. అది కళాత్మకమైన చిత్రానికి సరిపోవచ్చు. ఉద్యోగ దరఖాస్తుకు, వీసాకు సరిపోదు. అమెరికా వీసాకు రెండు అంగుళాల చతురస్రపు ఫోటో, తెల్లని నేపథ్యం, ముఖంపైన గాని వెనుక గాని నీడ లేకపోవడం అవసరం. 2016 నవంబరు నుండి కళ్లజోడు కూడా తీసివేయాలి. పిల్లలు విదేశాలలో ఉన్న తల్లిదండ్రులు ఇప్పుడు చిన్న ఊళ్లలోనూ ఉన్నారు. ఫోటో తిరస్కరణకు గురైతే వారు మరల ఆ స్టూడియో మెట్లెక్కరు. బ్యాంకు ఉద్యోగ పరీక్షల దరఖాస్తులలో ఫోటో ఫైలు పరిమాణం 20 నుండి 50 కిలోబైట్ల మధ్య ఉండాలంటారు. అంత కుదించిన ఫోటోలో ముఖం గుర్తుపట్టేలా ఉండాలంటే అసలు ఫోటోలో వెలుగు సమంగా పడి ఉండాలి.

పాస్‌పోర్టు ఫోటోలు, జిరాక్సు, ఆన్‌లైను దరఖాస్తులు మాత్రమే చేసే చిన్న కేంద్రానికి స్టూడియో లైట్లు కూడా అవసరం లేదు. కెమెరా మీద పెట్టే చిన్న ఫ్లాష్‌లు రెండు, రెండు స్టాండ్లు, రెండు తెల్ల గొడుగులు చాలును. చిన్న ఫ్లాష్ శక్తి సుమారు 60, 70 జౌళ్లే అయినా తల, భుజాల వరకు తీసే ఫోటోకు అది సరిపోతుంది. మోడలింగ్ బల్బు లేకపోవడం, సెల్లులు తరచుగా మార్చవలసి రావడం అందులోని ఇబ్బందులు.

గది, గోడలు, కరెంటు

గోడల రంగు గురించి అంగడిలో ఎవరూ చెప్పరు. లేత ఆకుపచ్చ, గులాబి డిస్టెంపరు వేసిన గదిలో ఎంత మంచి లైటు పెట్టినా గోడల నుండి తిరిగి వచ్చే కాంతి చెంపలపై ఆ రంగును పులుముతుంది. కంప్యూటరులో దానిని సవరించడానికి ఫోటోకు ఐదేసి నిమిషాలు వృథా అవుతాయి. గోడలకు, పైకప్పుకు మెరుపు లేని తెల్ల సున్నమో తెల్ల రంగో వేయించడం అన్నింటికన్న చవకైన లైటింగు సామగ్రి. వెనుక తెరకు మనిషి నాలుగైదు అడుగుల ముందు కూర్చుంటే నీడ తెర మీద పడక క్రిందికి జారిపోతుంది.

కరెంటు విషయం గ్రామాలలో మరింత జాగ్రత్త కోరుతుంది. ఈ లైట్లు సాధారణంగా 220–240 వోల్టులకు తయారైనవి. వేసవి సాయంత్రాలలో వోల్టేజి 180కి పడిపోయే ఊళ్లలో లైటు తిరిగి నిండడానికి ఆలస్యమవుతుంది, కొన్ని నిండవు కూడా. రెండు లైట్లకు 2 కె.వి.ఏ. స్టెబిలైజరు ఉంటే నిశ్చింత. ఇళ్లలో వాడే చవక ఇన్వర్టర్లలో చాలా వాటి నుండి వచ్చే చదరపు తరంగం ఈ లైట్లకు అనువైనది కాదు. శుద్ధమైన సైన్ తరంగం ఇచ్చే ఇన్వర్టరు కావాలి, అది కూడా తయారీదారు అనుమతిస్తేనే. పెళ్లి పందిళ్లలోని జనరేటరుకు స్టూడియో లైటును తగిలించడం చాలా ప్రమాదకరం. జనరేటరు వేగం మారినప్పుడల్లా వోల్టేజి ఎగసిపడి లోపలి సర్క్యూటు కాలిపోవచ్చును. అటువంటి పని ఎక్కువగా ఉన్నవారికి లిథియం బ్యాటరీతో నడిచే లైట్లు ఉన్నాయి. జౌలుకు అయ్యే ఖర్చు వాటిలో ఎక్కువ. కొన్నేళ్లకు బ్యాటరీ మార్చడం అదనం.

ఎర్తు లేని ప్లగ్గుకు ఈ లైట్లను తగిలించరాదు. పాత అద్దె గదులలో మూడు కన్నాల ప్లగ్గు ఉండి, మూడవ కన్నానికి తీగ లేకపోవడం నేను తనిఖీలలో పలుమార్లు చూశాను. లైనుమాన్‌ను గాని, ఎలక్ట్రీషియన్‌ను గాని పిలిచి పరీక్ష చేయించడానికి అయ్యే ఖర్చు అతి స్వల్పం.

లైటుతో పాటు కొనవలసినవి

చవక లైట్లలో ఎక్కువ భాగం ‘బోవెన్స్ మౌంటు’తో వస్తున్నాయి. సాఫ్ట్‌బాక్సును లైటుకు బిగించే మూడు కొక్కేల అమరిక అది. దానికి పేరిచ్చిన బ్రిటిషు సంస్థ 2017లో మూతపడినా అమరిక మాత్రం అనేక తయారీదారుల చేతిలో కొనసాగుతున్నది. ఈ అమరిక ఉన్న లైటు కొంటే సాఫ్ట్‌బాక్సు చిరిగినప్పుడు ఏ కంపెనీదైనా తెచ్చి తగిలించవచ్చు. తనకు మాత్రమే సరిపోయే సొంత అమరిక గల లైటు చవకగా దొరికినా, దాని ఉపకరణాలు దొరకని నాడు అది మూలన పడుతుంది.

కెమెరాకు, లైటుకు మధ్య రేడియో ట్రిగ్గరు తప్పనిసరి. పాత లైట్లలో సింక్ తీగ చివర వంద వోల్టులకు మించి ఉండవచ్చును. ఆ తీగను నేరుగా నేటి డిజిటల్ కెమెరాకు తగిలిస్తే కెమెరా సర్క్యూటు చెడిపోయే అవకాశం ఉన్నది. వెయ్యి, రెండు వేల ట్రిగ్గరును మిగుల్చుకొనబోయి కెమెరాను పోగొట్టుకొనరాదు. రెండవ లైటుకు వేరే ట్రిగ్గరు లేకున్నా, మొదటి లైటు వెలుగును గ్రహించి తానూ వెలిగే ‘స్లేవ్’ కన్ను ఇంచుమించు అన్ని లైట్లలో ఉంటుంది.

అంగడిలో చేయవలసిన పరీక్ష

కెమెరాను వెంట తీసుకువెళ్లండి. లైటును పూర్తి శక్తిపై ఉంచి, తెల్ల గోడ మీదికి వరుసగా ఇరవై సార్లు వెలిగించి ఫోటోలు తీయండి. అన్ని ఫోటోలలో గోడ ఒకే తెలుపులో ఉండాలి. కొన్ని నల్లగా, కొన్ని తెల్లగా వస్తే ఆ లైటు కొనరాదు. ‘నిండినది’ అని కూత పెట్టడానికి ఎన్ని సెకనులు పడుతున్నదో గడియారంలో చూడండి. ఒక పాఠశాలలో మూడు వందల మంది పిల్లలకు గుర్తింపు కార్డుల ఫోటోలు తీయవలసిన రోజున సెకనుకు, మూడు సెకనులకు తేడా ఎంతో తెలిసివస్తుంది. లోపల ఫ్యాను తిరుగుతున్నదో లేదో కూడా గమనించండి.

ఆ తరువాత అడగవలసిన ప్రశ్న ఒకటున్నది: ఫ్లాష్ గొట్టం కాలిపోతే మనమే ఊడదీసి మార్చుకోగలమా, ఆ గొట్టం మీ దగ్గర నిలువ ఉన్నదా? కొన్ని లైట్లలో గొట్టం బల్బులాగా గుచ్చి తీయగలిగినది. మరికొన్నింటిలో సోల్డరింగు చేసి ఉంటుంది. నేను పనిచేసిన ఒక శాఖ పరిధిలో ఒక ఋణగ్రహీత దూరపు నగరం నుండి చవకగా పెద్ద లైటు తెప్పించుకొన్నారు. జూన్ నెలలో బడులు తెరిచి, రెండు పాఠశాలల కార్డుల పని చేతికి వచ్చిన వారంలో గొట్టం కాలిపోయింది. విడిభాగం రావడానికి దాదాపు నెల పట్టింది. ఆ పని పక్క ఊరి స్టూడియోకు వెళ్లింది. మరుసటి ఏడు కూడా అక్కడికే వెళ్లింది. లైటు ధరలో మిగిలిన డబ్బు ఒక పాఠశాల పనికి కూడా సరిపోదు. అందుకే, విడిభాగాలు, మరమ్మతు అందుబాటులో ఉన్న అంగడిలో వెయ్యి రూపాయలు ఎక్కువైనా ఇచ్చి కొనండని చెబుతాను.

పాత లైట్లు చవకగా వస్తాయి. గొట్టం చివరలు నల్లబడ్డాయేమో చూడాలి. నెలల తరబడి వాడకుండా ఉన్న లైటులో కెపాసిటరు బలహీనపడుతుంది. కనిష్ఠ శక్తిపై కొంతసేపు ఉంచి, క్రమంగా పెంచుతూ దానిని మరల వాడుకలోకి తేవాలి. ఒక హెచ్చరిక: ప్లగ్గు తీసివేసిన తరువాత కూడా కెపాసిటరులో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది. రేడియో మరమ్మతు తెలిసినవారైనా సరే, ఈ పెట్టెను ఇంటివద్ద విప్పరాదు.

ఋణం లెక్క

ప్రధానమంత్రి ముద్రా యోజన క్రింద (2015 ఏప్రిల్‌లో ప్రారంభమైనది) స్టూడియో వంటి సేవా వృత్తులకు ఆస్తి తాకట్టు లేకుండా ఋణం లభిస్తుంది. రూ. 50,000 వరకు శిశు, అంతకు పైన రూ. 5 లక్షల వరకు కిశోర్ తరగతి. లైట్లు మాత్రమే కొనేవారికి శిశు తరగతి సాధారణంగా సరిపోతుంది. ఇంతకు పూర్వమే కెమెరాకు ఋణం ఉన్నవారు ఆ సంగతి దాచకుండా చెప్పడం మేలు. ఉద్యమ్ నమోదు లేనివారు ఆధార్‌తో ఉచితంగా చేసుకోవచ్చును. దానికి దళారికి డబ్బు ఇవ్వవలసిన పని లేదు.

రెండు లైట్లు, స్టాండ్లు, సాఫ్ట్‌బాక్సులు, ట్రిగ్గరు, స్టెబిలైజరు కలిపి రూ. 40,000 ఋణం అనుకొందాం. సాలీనా 12 శాతం వడ్డీతో 36 నెలల గడువైతే నెలకు సుమారు రూ. 1,329 కట్టాలి (వడ్డీ రేటు బ్యాంకును బట్టి మారుతుంది). పాస్‌పోర్టు ఫోటోల సెట్టు ఒకదానిపై కాగితం, ఇంకు ఖర్చులు పోను రూ. 40 మిగిలితే నెలకు 34 సెట్లు, అనగా రోజుకు ఒకటి చిల్లర. ఇది చిన్న ఊరికి అందే లెక్క. అదే షరతులపై రూ. 1,20,000 సామగ్రి కొంటే వాయిదా రూ. 3,986, కావలసినవి 100 సెట్లు. కొత్త లైట్ల వల్ల అదనంగా వచ్చే గిరాకీ ఎంత అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. ఇప్పటికే వస్తున్న గిరాకీని ఈ లెక్కలో చేర్చరాదు.

పెళ్లిళ్ల రాబడిని నెలవారీగా పరచి చూపే దరఖాస్తులు మాకు వస్తుంటాయి. ఆషాఢం, పుష్యం, మౌఢ్యం రోజులలో ముహూర్తాలు ఉండవు. ఆ నెలలలో కూడా వాయిదా తప్పదు. కాబట్టి లైట్ల వాయిదాను దరఖాస్తు ఫోటోలు, పిల్లల ఫోటోలు, పాఠశాల కార్డుల రాబడితోనే తీర్చగలమా అని చూసుకోవాలి. పెళ్లిళ్ల సొమ్ము చేతికి వచ్చిన మాఘ, ఫాల్గుణ, వైశాఖ మాసాలలో రెండేసి వాయిదాలు ముందుగా కట్టేవారిని నేను చూశాను. వారికి వర్షాకాలం భారం కాలేదు.

ఋణంతో కొన్న లైట్లు బ్యాంకుకు హైపాథికేషనులో ఉంటాయి. అందువల్ల విక్రేతలు ఇచ్చే కొటేషనులోను, బిల్లులోను తయారీ పేరు, మోడలు, ఒక్కొక్క లైటు జౌళ్లు, సీరియల్ నంబరు, జి.ఎస్.టి., వారంటీ గడువు విడివిడిగా వ్రాయవలెను. ‘స్టూడియో లైట్ల సెట్టు – ఒకటి’ అని వ్రాసిన కొటేషనును మేము తిరిగి పంపవలసి వస్తున్నది. ఆ జాప్యం కొనేవారికీ అమ్మేవారికీ నష్టమే. అదనపు గొట్టం ఒకటి, ఫ్యూజులు నాలుగు కూడా ఆ కొటేషనులోనే చేర్చితే వాటిని ఋణంలో భాగంగా పరిశీలించడానికి వీలుంటుంది.